కుడి చేతి గోళ్ళకి ఎడం చేత్తో పాలిష్ నీట్‌గా వేసుకోవడం ఎలా?

తణుకు_తులసి
అందరికీ నమస్తే అండి. ఇదీ ఒక ప్రాబ్లమేనా అని నవ్వకండి ప్లీజ్. నాది కుడిచేతి వాటం. ఎడం చేతి గోళ్ళకి వేసుకుంటే ఏ పార్లర్‌లో వేయించావే అని అడుగుతారు, అదే కుడి చేతికి వచ్చేసరికి చిన్నపిల్లలు గోడ మీద క్రేయాన్‌తో గీసినట్టు ఉంటుంది. ఎడం చేత్తో బ్రష్ పట్టుకోగానే వణుకు మొదలు, గోరు మీద కన్నా పక్క చర్మం మీదే ఎక్కువ పడుతుంది, దాన్ని తుడవబోతే గోరు మీదది కూడా లేచిపోతుంది, మళ్ళీ వేస్తే ముద్ద కట్టేస్తుంది. వచ్చే నెల మా పిన్ని కూతురి పెళ్ళి ఉంది, చీరకి మ్యాచింగ్ అని ముదురు మెరూన్ కొనేశా. ఉండేది హాస్టల్లో, రూమ్మేట్‌ని వెయ్యమంటే నాకు నైట్ షిఫ్ట్ నిద్రపోనీ అంటుంది. పార్లర్‌కి పొమ్మని మాత్రం చెప్పకండి, రంగు పోయినప్పుడల్లా ఎక్కడ పరిగెడతాం. మీరందరూ ఎలా వేసుకుంటున్నారో చెప్పండి.

ప్రవీణ్_పీజీ
కుడి చెయ్యి జేబులో పెట్టుకుని పెళ్ళికి వెళ్ళిపోండి, సింపుల్

తణుకు_తులసి
చీరకి జేబులుండవు బాబూ

సిరి_కరీంనగర్
తులసక్కా నేనైతే గోరు మీదనే కరెక్టుగ పడాలె అని చూడనే చూడ. పక్కల పడితే పడనీ అని ఏసేస్త, రెండు కోట్లు ఏసినంక సాఫ్ జేస్త. పాత ఐలైనర్ బ్రష్ ఉంటది కద, అంచు ఏటవాలుగ కోసినట్టు ఉండేది, దాన్ని రిమూవర్ల ముంచి టిష్యూ మీద ఒక్కసారి అద్దాలె, అద్దకపోతె కారి గోరు మీదికి పోతది. అద్దినంక గోరు పక్క పొంటి నెమ్మదిగ గీసుకుంట పోతె చర్మం మీదిదంత వచ్చేస్తది. ప్రతి గీతకు బ్రష్‌ని టిష్యూకి తుడువాలె, లేకుంటె మెరూన్ మొత్తం వేలంత పాకుతది. ఇయర్ బడ్ తోని మాత్రం జేయకు, దూది పోగులు తడి పాలిష్‌కి అంటుకుంటయి, మల్ల అవి పీకుడు ఇంకో పని.

తణుకు_తులసి
అయ్యో ఇన్నాళ్ళూ ఇయర్ బడ్‌తోనే యుద్ధం చేస్తున్నా సిరీ. కానీ క్లీనింగ్ కూడా ఎడం చేత్తోనే కదా చెయ్యాలి, అక్కడా వణుకే కదా?

సిరి_కరీంనగర్
వణికినా ఏం కాదక్కా, చర్మం మీద తుడిచేది గంతే కద. ఏసేటప్పుడు జరంత అటిటు పోతె ఎర్రగ కనవడ్తది, తుడిచేటప్పుడు అటిటు పోతె ఎవ్వలకు కనవడది. కాకపోతె గోరు దిక్కు కాకుండ చర్మం దిక్కు ఒంపి పట్టు బ్రష్‌ని.

పార్లర్_లక్ష్మి
గుంటూరులో పార్లర్ నడుపుతున్నానండి, రోజూ ఇదే పని కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. సిరి చెప్పిన క్లీనింగ్ కరెక్టే, మేము కూడా చేస్తాం, పార్లర్లో వేసినది నీట్‌గా కనిపించడానికి సగం కారణం అదే. కాకపోతే అంత దాకా రాకుండా ముందే చూసుకోవాల్సినవి ఉన్నాయి.

స్నానం చేసి రాగానే, అంట్లు తోమి రాగానే వెయ్యకండి. గోరు నీళ్ళు పీల్చి కొంచెం ఉబ్బుతుంది, తర్వాత ఆరి మామూలు సైజుకొస్తుంది, పైనున్న రంగు దాంతో పాటు కుంచించుకోదు, అంచుల దగ్గర పెచ్చులు లేస్తుంది. వేసే ముందు గోళ్ళన్నీ రిమూవర్ తడిపిన దూదితో ఒకసారి తుడవండి, పాత రంగు ఏమీ లేకపోయినా సరే. కొబ్బరి నూనె, హ్యాండ్ క్రీమ్ జిడ్డు ఉంటే రంగు పట్టదు.

తర్వాత బ్రష్. అందరూ చేసేదేంటంటే బ్రష్ నిండా రంగు తీసుకుని గోరు మొదట్లో చర్మానికి ఆనించి అక్కణ్ణుంచి లాగడం. అలా పెడితే రంగు వెంటనే మడతలోకి పారిపోతుంది. సీసా మూతికి ఒక వైపు పూర్తిగా తుడిచెయ్యండి, రెండో వైపు చిన్న బొట్టు ఉండేట్టు ఉంచండి. ఆ బొట్టుని గోరు మధ్యలో, మొదటికి కొంచెం ఇవతల పెట్టండి. అక్కణ్ణుంచి బ్రష్‌ని మెల్లగా వెనక్కి, మొదటి వైపు నెట్టండి, వెంట్రుక మందం ఖాళీ ఉండగా ఆపి అప్పుడు చివరి దాకా లాగండి. బ్రష్‌ని కొంచెం నొక్కితే వెంట్రుకలు విసనకర్రలా విచ్చుకుని గోరు గుండ్రానికి సరిపోతాయి. తర్వాత అటు ఒక గీత, ఇటు ఒక గీత, అంతే. పక్కలకి పూర్తిగా అంటించక్కర్లేదు, సన్నటి ఖాళీ ఉంటే ఎవరికీ తెలీదు, పైగా గోరు సన్నగా పొడుగ్గా కనిపిస్తుంది.

మొదటి కోటు పల్చగా, చారలు చారలుగా ఉంటుంది, కంగారు పడి దాని మీదే మళ్ళీ మళ్ళీ రుద్దకండి. రెండో కోటుకి నిండుగా వస్తుంది. మెరూన్ కాబట్టి కింద బేస్ కోట్ తప్పనిసరి, లేకపోతే తీసినప్పుడు గోళ్ళు పసుపు తిరుగుతాయి.

తణుకు_తులసి
లక్ష్మి గారూ ఫీజు ఎంత ఇవ్వమంటారు 🙏

బోర్డులబాబాయ్
మా అమ్మాయి చూపించింది ఈ చర్చ. నాది ఒంగోలు, ఫ్లెక్సీలు రాక ముందు ఊళ్ళో సగం షాపుల బోర్డులు, గోడల మీద సినిమా పేర్లు చేత్తో రాసినోణ్ణి. గోళ్ళ సంగతి నాకు తెలవదు గానీ బ్రష్ సంగతి తెలుసు కాబట్టి చెబుతున్నా.

తులసమ్మా, వణుకు ఎడం చేతిది కాదు. చేతికి ఆనిక లేకపోతే కుడి చెయ్యి కూడా వణుకుతుంది. ఇరవై ఏళ్ళు రాసిన ఆర్టిస్టు కూడా చేతిని గాల్లో పెట్టి అక్షరం రాయడు. మా దగ్గర ఒక కర్ర ఉండేది, చివర గుడ్డ ఉండ కట్టి, ఆ ఉండని గోడకి ఆనించి, ఎడం చేత్తో కర్ర పట్టుకుని దాని మీద కుడి మణికట్టు పెట్టి రాసేవాళ్ళం. నీకు కర్ర అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని రెండు మోచేతులూ టేబుల్ మీద పెట్టు, ఒళ్ళో పెట్టుకుని, మంచం మీద కూర్చుని వేస్తే ఎవరికైనా కదులుతుంది. మణికట్టు కూడా టేబుల్‌కి ఆనాలి. ఎడం చేతి చిటికెన వేలు తీసుకెళ్ళి కుడి చేతి మీదే ఆనించు, ఏ వేలికి వేస్తున్నావో దాని పక్క వేలికో, అరచేతి అంచుకో. అప్పుడు కుడి చెయ్యి కదిలితే ఎడం చెయ్యి కూడా దాంతో పాటే కదులుతుంది, రెండిటి మధ్య తేడా రాదు. రంగు పక్కకి పోయేది ఆ తేడా వల్లే.

ఇంకో మాట. బ్రష్‌ని తిప్పొద్దు, వేలిని తిప్పు. ఎడం చెయ్యికి ఒక్క పనే ఇవ్వు, పైనుంచి కిందకి తిన్నగా లాగడం. గోరు పక్క అంచుకి వెయ్యాలంటే కుడి వేలిని కొంచెం దొర్లించు, ఆ అంచు పైకి వస్తుంది, మళ్ళీ అదే తిన్నటి గీత. నీకు కుడి చెయ్యే కదా తెలివైనది, ఆ పని దానికే అప్పజెప్పు.

డల్లాస్_వదిన
బాబాయ్ గారూ మీరు ఎక్కడున్నారండీ ఇన్నాళ్ళు!! ఇప్పుడే లంచ్ బ్రేక్‌లో బ్రష్ లేకుండా పెన్సిల్‌తో ట్రై చేశా, వేలిని దొర్లించడం అనే మాట ఇన్ని వీడియోలు చూసినా ఎవ్వరూ చెప్పలేదు

ప్రవీణ్_పీజీ
నేను జోకులేద్దామని వచ్చి ఇక్కడ సీరియస్‌గా చదువుతున్నా ఏంటో

పుర్రచెయ్యి_పద్దు
నా పేరు చూస్తేనే తెలుస్తాది, మాది అనంతపురం, నాది ఎడమచేతి వాటం. మీ అందరికీ కుడి చేతి గోళ్ళు కష్టమైతే నాకు ఎడమ చేతివి. అయినా నాకు అంత ఇబ్బంది లేదు, ఎందుకో చెప్తా. చిన్నప్పుడు మా అవ్వ ఎడమ చేత్తో తింటే ఊరుకునేది కాదు, చెయ్యి మీద ఒక్కటిచ్చేది. బళ్ళో అయ్యవారు కూడా కుడి చేత్తోనే రాయించినాడు. అందుకని కుడి చేత్తో తినడం, రాయడం, ముగ్గు వేయడం అన్నీ అలవాటైనాయి, ఇంట్లో ఎవురూ చూడనప్పుడు మాత్రం ఎడమ చెయ్యి. ఆ దెబ్బలు మంచివని చెప్పడం లేదు, నా కూతురికి కూడా ఎడమ చెయ్యే, దాన్ని ఎవురూ ఏమీ అనకూడదని ఇంట్లో గట్టిగా చెప్పినా. కానీ చేతికి వాడకం ఉంటే పని వస్తాది అనేది నిజం. తులసీ నువ్వు ఎడమ చేత్తో పళ్ళు తోముకో, టీ కలుపు, ఫోన్‌లో టైపు చెయ్యి. బాబాయ్ గారు ఆనిక అంటున్నారు, నేను అలవాటు అంటున్నా.

బోర్డులబాబాయ్
అలవాటు కాదనడం లేదమ్మా పద్మా. కానీ పెళ్ళి వచ్చే నెల. అలవాటు రావడానికి టైం పడుతుంది, మోచెయ్యి టేబుల్ మీద పెట్టడానికి టైం అక్కర్లేదు.

పుర్రచెయ్యి_పద్దు
అది సరే 😄 నా పేరు పద్మ అని ఎట్ల కనుక్కున్నారు

ఫిజియో_విజ్జి
రాజమండ్రిలో ఫిజియోథెరపిస్ట్‌ని. బాబాయ్ గారి మాటకి సపోర్ట్ చేస్తూ ఒకటి చెప్తా. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పనిచెయ్యని వాళ్ళు కూడా గోళ్ళకి రంగు వేసుకోవాలనుకుంటారు, అందులోనూ ఆడవాళ్ళకి అదొక పెద్ద ధైర్యం. పనిచేసే చేతికి రంగు ఎవరు వెయ్యాలి? రెండో చెయ్యి బ్రష్ పట్టుకోలేదు కదా. అలాంటప్పుడు మేము బ్రష్ మూతని టేబుల్ అంచున బరువైన క్లిప్‌తో బిగించేస్తాం, లేదా అతుక్కునే పుట్టీ ముద్దలో గుచ్చేస్తాం, బ్రష్ టేబుల్ బయటికి అడ్డంగా ఉండేట్టు. పైకి నిలబెడితే రంగు మూతలోకి కారుతుంది, అందుకే అడ్డంగా. ఇక బ్రష్ కదలదు, వేలే వెళ్ళి బ్రష్ కింద రాసుకుని వస్తుంది. మొదట్లో వింతగా ఉంటుంది కానీ మంచి చెయ్యి కదా కదులుతున్నది, కంట్రోల్ వచ్చేస్తుంది.

తులసికి అంత అవసరం లేదు కానీ సూత్రం అదే. ఎడం చేత్తో బ్రష్‌ని గట్టిగా కదలకుండా పట్టుకుని, కుడి వేలిని వెనక్కి లాక్కుని చూడు. కొంతమందికి బ్రష్ లాగడం కన్నా ఇదే ఈజీ.

ఊపిరి బిగబట్టమని చాలామంది చెప్తారు, ఎక్కువసేపు బిగబడితే వణుకు ఇంకా పెరుగుతుంది. గీత లాగే రెండు సెకన్లు మెల్లగా ఊపిరి వదులుతూ లాగితే చాలు. కాఫీ తాగిన వెంటనే కూర్చోకు. బ్రష్‌ని గట్టిగా పిసికినట్టు పట్టుకున్నా వణుకుతుంది.

తణుకు_తులసి
మళ్ళీ వచ్చా. నిన్న రాత్రి పాత పింక్‌తో ట్రై చేశాను. మోచేతులు టేబుల్ మీద పెట్టి చిటికెన వేలు ఆనించి వేస్తే చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు బాగా వచ్చాయి!! నమ్మలేకపోతున్నా. కానీ రెండు డౌట్లు. ఒకటి బొటనవేలు, అది టేబుల్ మీద పెడితే పక్కకి పడుకుంటుంది, గోరు ఎటో చూస్తుంది. రెండోది, చివరి వేళ్ళకి వచ్చేసరికి రంగు సాగుతోంది, బ్రష్‌తో పాటు దారాల్లా లేస్తోంది. సీసా పాతదనా?

కెమికల్_కుర్రాడు
రెండో డౌట్ నాకు వదిలెయ్యండి, వైజాగ్‌లో పెయింట్ కంపెనీలో ఉన్నా. పాలిష్ అంటే నైట్రోసెల్యులోజ్, రెజిన్, రంగు, వీటన్నిటినీ కరిగించి ఉంచే సాల్వెంట్లు. సాల్వెంట్లు ఎగిరిపోతే మిగిలిన పొరే మీ గోరు మీద రంగు. 1920ల్లో కార్లకి వేసిన లాకర్ పెయింట్ కూడా ఈ జాతిదే. సాల్వెంట్లలో ఇథైల్ అసిటేట్ 77 డిగ్రీలకి మరుగుతుంది, బ్యుటైల్ అసిటేట్ 126కి, అంటే ఒకటి తొందరగా పోయేది, ఒకటి నిదానంగా పోయేది. మీరు ఎడం చేత్తో నిదానంగా వేస్తున్నంతసేపూ సీసా తెరిచే ఉంటుంది, పైన ఫ్యాన్ ఫుల్లుగా తిరుగుతూ ఉంటుంది, తొందరగా పోయేది పోతూనే ఉంటుంది, రంగు చిక్కబడుతుంది. చిక్కబడిన రంగు తనంతట తాను సర్దుకోదు, గీతలు అలాగే నిలబడిపోతాయి, దాంతో మీరు మళ్ళీ రుద్దుతారు.

అందుకని ఫ్యాన్ ఆపండి. ఒక్కో వేలు అయ్యాక బ్రష్ సీసాలో పెట్టేసి వదులుగానైనా మూత తిప్పండి. ఇంకో సంగతి, కష్టమైన చేతికే ముందు వెయ్యండి, అంటే కుడి చేతికి. రంగు పల్చగా ఉన్నప్పుడే ఎడం చేతి పని అయిపోతుంది, పైగా అప్పటికి ఎడం గోళ్ళకి తడి రంగు లేదు కాబట్టి బ్రష్ ఎలా కావాలంటే అలా పట్టుకోవచ్చు.

పార్లర్_లక్ష్మి
అన్నిటికీ ఒప్పుకుంటా కానీ ముందు కుడి చెయ్యి అన్నదానికి కాదు. కుడి చేతికి వేశాక ఆ తడి గోళ్ళతో ఎడం చేతికి వెయ్యాలి, ఆ తర్వాత సిరి చెప్పిన క్లీనింగ్ చెయ్యాలి, రిమూవర్ వేళ్ళకి అంటి ఎక్కడో ఒక చోట చెడుతుంది. నేనైతే ఈ రోజు రాత్రి ఒక చెయ్యి, రేపు ఒక చెయ్యి అంటాను. హాస్టల్లో ఉండే పిల్లకి తొందరేముంది?

సిరి_కరీంనగర్
నేను గూడ కుడి చేతికే ముందు ఏస్త లక్ష్మక్కా. ఏసి, సాఫ్ జేసి, ఫోన్ల ఒక సీరియల్ ఎపిసోడ్ జూసినంక ఎడమ దానికి. రెండు రోజులు ఒక్క చేతికే రంగేసుకొని ఆఫీసుకు పోతె అందరు అడుగుతరు.

బోర్డులబాబాయ్
బొటనవేలు సంగతి. అది మిగతా నాలుగు వేళ్ళతో కలిసి పడుకోదు, దాని వాటం వేరు. కుడి చెయ్యి టేబుల్ అంచుకి తీసుకురా. నాలుగు వేళ్ళూ అంచు కిందకి వేలాడనివ్వు, బొటనవేలు ఒక్కటే పైన పడుకోబెట్టు. అప్పుడు గోరు తిన్నగా ఆకాశం వైపు చూస్తుంది. అది కూడా కుదరకపోతే చిన్న డబ్బా ఏదైనా, పౌడర్ డబ్బా లాంటిది, గుప్పిట్లో పట్టుకుని బొటనవేలు డబ్బా పైన చాపి పెట్టు. మిగతా వేళ్ళ గోళ్ళు తడిగా ఉంటే డబ్బాకి తగలకుండా చూసుకో. లేదా బొటనవేలికే ముందు వేసెయ్యి.

డల్లాస్_వదిన
సీసా ఒరిగిపోకుండా నేను చేసేది చెప్తా. చిన్న కప్పులో బియ్యం పోసి దాంట్లో సీసా గుచ్చేస్తా. ఎడం చేత్తో బ్రష్ ముంచేటప్పుడు సీసా పట్టుకోడానికి కుడి చెయ్యి ఖాళీ ఉండదు కదా, ఒకసారి ఒరిగితే కార్పెట్ గోవిందా. ఇంకా కొన్ని సీసాలకి చతురస్రంగా ఉండే పెద్ద మూత లాగితే ఊడి వస్తుంది, లోపల సన్నటి గుండ్రటి మూత ఉంటుంది, ఎడం చేతికి అదే బాగా పట్టు.

నాదో ప్రశ్న కూడా. ఇక్కడ ఇంట్లో వేసుకునే జెల్ కిట్లు దొరుకుతాయి, ల్యాంప్ కింద పెట్టేదాకా ఆరదు కాబట్టి ఎంతసేపైనా తీరిగ్గా సర్దుకోవచ్చు అంటున్నారు. ఇలా ఎడం చేత్తో వేసుకోవాల్సిన వాళ్ళకి అదే బెస్ట్ కదా?

పార్లర్_లక్ష్మి
తీరిగ్గా సర్దుకోవచ్చు నిజమే వదినా, కానీ ఎడం చేత్తో వేసేటప్పుడే జెల్ ఎక్కువ ప్రమాదం. మామూలు పాలిష్ చర్మం మీద పడితే తుడిచేస్తే పోయింది. జెల్‌లో యాక్రిలేట్లు ఉంటాయి, గట్టిపడక ముందు అది చర్మానికి మళ్ళీ మళ్ళీ తగిలితే అలర్జీ రావచ్చు, వేళ్ళు ఎర్రబడి దురద, పొక్కులు. ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది, రేపు పంటికి చేసే కొన్ని ఫిల్లింగుల్లో కూడా అదే జాతి పదార్థం ఉంటుంది కాబట్టి అక్కడా ఇబ్బందే. అందుకని పక్కన పడినది పూర్తిగా తుడిచాకే ల్యాంప్ కింద పెట్టాలి. కిట్‌తో వచ్చిన ల్యాంపే వాడాలి, వేరేది వాడితే పైన గట్టిపడినట్టుండి లోపల పచ్చిగా ఉండిపోతుంది. జెల్ గట్టిపడటానికి కలిపే టీపీఓ అనే దాన్ని యూరప్‌లో 2025 సెప్టెంబర్ 1 నుంచి కాస్మెటిక్స్‌లో నిషేధించారు కూడా, కొనేటప్పుడు డబ్బా మీద చూసుకో.

డల్లాస్_వదిన
అమ్మో. కార్ట్‌లోంచి తీసేశా. ఆరోగ్యం ముఖ్యం, మా ఆయన కూడా సంతోషిస్తారు, వేరే కారణానికి లెండి.

నూర్_హైదరాబాద్
నాది కొంచెం వేరే కథ. నమాజ్‌కి ముందు వజూ, అంటే చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కోవడం, చేస్తే గోళ్ళకి నీళ్ళు తగలాలి, పాలిష్ ఉంటే తగలవు, కాబట్టి మాలో చాలామందిమి నెలసరి రోజుల్లోనే వేసుకుంటాం, ఆ రోజుల్లో నమాజ్ ఉండదు కదా. వేసుకునేది కొన్ని రోజులే, మళ్ళీ మొత్తం తీసెయ్యాలి. అందుకని నేను ఒలుచుకునే బేస్ కోట్ వాడతా, రిమూవర్ అవసరం లేకుండా చివర లేపితే పొర మొత్తం వచ్చేస్తుంది. అదే ఐడియా చర్మానికి కూడా వాడొచ్చు. ఎండితే పారదర్శకంగా అయ్యే తెల్ల జిగురు, స్కూలు పిల్లలు వాడేది, గోరు చుట్టూ చర్మానికి సన్నటి బ్రష్‌తో రాసి ఆరనిచ్చి తర్వాత పాలిష్ వెయ్యండి. పక్కలకి పడినదంతా జిగురు మీదే పడుతుంది, పొర లాగేస్తే నీట్. కాకపోతే పాలిష్ ఇంకా కొంచెం తడిగా ఉన్నప్పుడే లాగాలి, పూర్తిగా ఆరాక లాగితే గోరు మీద అంచు కూడా చిరిగి వస్తుంది.

వాజలీన్ రాసుకోమని ఎవరైనా చెప్తే వినకండి, అది ఎడం చేత్తో రాస్తే గోరు మీదికి కూడా పోతుంది, ఇక రంగు పట్టదు.

తణుకు_తులసి
నూర్ గారూ సూపర్! జిగురు రాసేది కూడా ఎడం చేత్తోనే అనుకోండి 😅

నూర్_హైదరాబాద్
జిగురు గోరు మీద కొంచెం పడినా ఆరాక గోటితో గీకేయొచ్చు, రంగు లేదు కాబట్టి భయం లేదు. రబ్బరు పాలతో చేసినవి కూడా అమ్ముతారు, రబ్బరు పడని వాళ్ళు, బెలూన్లు, గ్లవ్స్‌తో దురద వచ్చేవాళ్ళు అవి వాడకండి.

ఇంకోటి, మాకు మెహందీ ఓకే, అది పొర కాదు కదా రంగే. అందుకే మా ఇంట్లో గోళ్ళకి ఎప్పుడూ మెహందీ రంగే ఉంటుంది.

పుర్రచెయ్యి_పద్దు
మెహందీ అంటే గుర్తొచ్చింది, ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్నాక పాలిష్ వేసేవాళ్ళు చూసుకోండి. గోరు ఎర్రగా పండి ఉంటాది, దాని మీద లేత పింక్ వేస్తే బురద రంగు వస్తాది, ఎన్ని కోట్లు వేసినా కింద నుంచి కనపడతాది. గోరు నెలకి 3 మిల్లీమీటర్లు పెరుగుతాదంట, మొత్తం పోవాలంటే ఆరు నెలలు. అప్పటి దాకా మెరూన్, ఇటుక రంగు, ముదురువే వేసుకోండి.

గోరింటాకుకి ఈ ఎడమ చెయ్యి గొడవే లేదు సూడు. రుబ్బిన ముద్ద గోటికి టోపీ మాదిరి తొడిగేదే, చర్మం మీద పడితేనే అందం.

తణుకు_తులసి
నిజమే పద్దక్కా, కానీ కుడి చేతికి పెట్టుకోవాలంటే అక్కడ కూడా అమ్మే కావాలి, పెట్టించుకుని అన్నం కూడా తినిపించుకునేవాళ్ళం.

ప్రవీణ్_పీజీ
ఆరడానికి ఐస్ నీళ్ళలో ముంచాలంటారు కదా అది నిజమేనా. నాకోసం కాదు. చెల్లి కోసం

కెమికల్_కుర్రాడు
చెల్లి కోసం చెప్తున్నా విను తమ్ముడూ. చల్లదనం సాల్వెంట్ ఎగరడాన్ని తగ్గిస్తుందే కానీ పెంచదు. ఐస్ నీళ్ళలో పెడితే పైపొర బిగుసుకుని ఆరినట్టు అనిపిస్తుంది, లోపల మెత్తగానే ఉంటుంది, చెయ్యి వెచ్చబడగానే మళ్ళీ నొక్కు పడుతుంది. స్పీడు ఫ్యాన్ కింద పెట్టడం కూడా దండగ, పైపొర ముందే ఆరి మూత పడుతుంది, లోపలి సాల్వెంట్ బయటికి రాబోయి బుడగలు వస్తాయి. సీసాని గట్టిగా ఊపినా బుడగలే, రెండు అరచేతుల మధ్య దొర్లించాలి. పల్చటి కోట్లు, మధ్యలో కొన్ని నిమిషాలు గ్యాప్, అంతకు మించి షార్ట్‌కట్ లేదు. తాకితే అంటకపోవడం వేరు, పూర్తిగా గట్టిపడటం వేరు, రెండోదానికి గంటలు పడుతుంది. రాత్రి వేసుకుని వెంటనే దుప్పటి కప్పుకుంటే పొద్దున గోళ్ళ మీద దుప్పటి నేత అచ్చు పడి ఉంటుంది.

ఫిజియో_విజ్జి
చిన్న మాట, ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు మాత్రం పాలిష్ తీసేసి వెళ్ళండి. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్ గోరు గుండా వెలుతురు పంపి చూస్తుంది, నలుపు, ముదురు నీలం లాంటి రంగులుంటే రీడింగ్ తేడా రావచ్చు.

తణుకు_తులసి
మెరూన్‌తో ఫైనల్‌గా వేశానండి. ముందు కుడి చెయ్యి (సారీ లక్ష్మి గారూ), ఫ్యాన్ ఆపి, బేస్ కోట్ వేసి, వేలిని దొర్లిస్తూ. చిటికెన వేలి గోరు మరీ చిన్నది, దాని మీద మూడు గీతలు పట్టవు, ఒక్క గీతతోనే అయిపోయింది. పక్కన పడినది సిరి బ్రష్‌తో తుడిచా. దగ్గరగా చూస్తే ఉంగరం వేలి మీద ఒక వైపు ఖాళీ కొంచెం ఎక్కువైంది కానీ రూమ్మేట్ రెండు చేతులూ చూసి ఏది ఎడం చేత్తో వేసిందో చెప్పలేకపోయింది.

పార్లర్_లక్ష్మి
బాగుంది తల్లీ. రెండో కోటుకి గోరు చివరి అంచు మందానికి కూడా బ్రష్ ఒకసారి తాకించు, టైపింగ్ చేసేవాళ్ళకి ముందు అక్కడే లేస్తుంది. టాప్ కోట్ మర్చిపోకు.

పుర్రచెయ్యి_పద్దు
నా పాత సీసాలు కొన్ని గట్టిబడి ఉన్నాయి, రిమూవర్ నాలుగు చుక్కలు పోస్తే సరిపోతాదా?

కెమికల్_కుర్రాడు
వద్దక్కా. రిమూవర్‌లో నీళ్ళు, నూనె, సెంటు లాంటివి కలిపి ఉంటాయి, ఆ రోజుకి పల్చబడ్డట్టు ఉంటుంది, తర్వాత రంగు విరిగి పొర గట్టిగా రాదు. పాలిష్ థిన్నర్ అని విడిగా అమ్ముతారు, అవే అసిటేట్లు, రెండు మూడు చుక్కలు వేసి దొర్లించి కాసేపు వదిలెయ్యండి. సీసా మూతి దగ్గర గడ్డకట్టిన రంగు మాత్రం రిమూవర్ దూదితో తుడవొచ్చు, అది తుడిస్తేనే మూత గట్టిగా పడుతుంది. ఇక ఈ సీసాలన్నీ పొయ్యి దగ్గరా, దేవుడి దీపం దగ్గరా తెరవకండి. రిమూవర్‌లో ఉండే అసిటోన్ ఆవిరి మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా అంటుకునే రకం.

ప్రవీణ్_పీజీ
అర్జెంట్. చెల్లి మెరూన్ సీసా పీజీ ప్లాస్టిక్ టేబుల్ మీద పడేసింది. రిమూవర్ పొయ్యనా

సిరి_కరీంనగర్
చెల్లె పీజీల ఏం జేస్తున్నది అన్నా 🤨

కెమికల్_కుర్రాడు
రిమూవర్ వద్దు! అసిటోన్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, టేబుల్ మెరుపు పోయి తెల్ల మచ్చ పడుతుంది, ఓనర్‌కి డిపాజిట్‌లోంచి కోసే అవకాశం ఇచ్చినట్టే. తడిగా ఉన్నది టిష్యూతో అద్ది తియ్యి, రుద్దకు. మిగిలింది పూర్తిగా ఆరనిచ్చి పాత ఏటీఎం కార్డు అంచుతో లేపు. ఇంకా మరక ఉంటే శానిటైజర్ దూదికి పట్టించి కాసేపు ఆనించు, మెత్తబడుతుంది. ముందు టేబుల్ కింది వైపు ఒక మూల టెస్ట్ చేసుకో.

ప్రవీణ్_పీజీ
ఓకే. ఎడం చేత్తో గీకనా కుడి చేత్తోనా, కుడి గోళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి